కుక్కపిల్లను ఏ బడిలో వేయాలి?

గత సంచికలో ఇంటి వైరింగుకు ఎర్తింగు ఎంత ముఖ్యమో ముచ్చటించుకున్నాము. ఈ పర్యాయం ఎన్నుకున్న విషయం కొందరు పాఠకులకు కొంత విడ్డూరంగా తోచవచ్చును. అయినప్పటికీ, సాయంకాలం మన టౌన్‌షిప్ వీధులలో ఒక మారు నడచి వచ్చిన వారికి దీని అవసరాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. ఒకనాడు క్వార్టర్సులలో కుక్కను పెంచే ఇళ్లు వేళ్లపై లెక్కించదగినన్ని ఉండేవి. నేడు లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, బీగిళ్లు, వీధి నుండి తెచ్చి సాకుతున్న నాటు కుక్కలు ప్రతి వరుసలోనూ కనిపిస్తున్నాయి. వాటి వెనుకనే, ఆదివారం ఉదయం ఊళ్లోని మైదానాలలో కుక్కలను, యజమానులను ఒకచోట చేర్చి విధేయత నేర్పే సామూహిక తరగతులు కూడా వెలిశాయి. “వీటిలో దేనిలో చేర్చమంటారు?” అని ఈ మధ్య నలుగురైదుగురు సహోద్యోగులు అడిగారు. నేను పెంచిన కుక్కల వలన, చదివిన పుస్తకాల వలన, వెళ్లి చూసిన తరగతుల వలన తెలుసుకున్న దానిని వారి కొరకు ఇక్కడ క్రోడీకరిస్తున్నాను.

ముందుగా ఒక ఉదంతం. మరొక ప్రాజెక్టులో పనిచేసే మిత్రుని ఇంట పది మాసాల లాబ్రడార్ ఉండేది. ఎదురుగా మరొక కుక్క వచ్చినా, తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరకు వచ్చినా గుర్రుమనేది. దానిని ఊళ్లో పేరున్న ఒక తరగతిలో చేర్చారు. అక్కడ అది గుర్రుమన్న ప్రతిసారీ మెడలోని చోక్ చైనును బలంగా గుంజేవారు. మూడు వారాలలో గుర్రుమనడం పూర్తిగా ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఐదవ వారంలో ఒక సాయంత్రం, ఆ కుక్క గిన్నెలో అన్నం తింటుండగా, పక్కకు దొర్లిన బంతిని తీసుకోవడానికి పొరుగింటి ఏడేళ్ల పాప వంగింది. కుక్క చిన్న శబ్దమైనా చేయకుండా పాప చెంపపై కరిచింది. పాపకు కుట్లు పడ్డాయి, రేబిస్ సూదిమందులు వేయించవలసి వచ్చింది. ఏళ్ల తరబడి పండుగలకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్న రెండు కుటుంబాల మధ్య మాటలు లేకుండా పోయాయి. కుక్కను ఊరి వెలుపల ఎవరిదో తోటకు పంపివేశారు.

కంట్రోల్ రూములో పనిచేసిన వారికి ఇందులోని లోపం వెంటనే బోధపడుతుంది. బేరింగు వేడెక్కితే అలారం మ్రోగుతుంది. ఆ మ్రోత చెవులకు ఇబ్బందిగా ఉన్నదని ఫ్యూజు పీకివేసే ఆపరేటరు ఉండడు; ఉంటే అతనికి చార్జిషీటు తప్పదు. గుర్రుమనడం కుక్క ఇచ్చే అలారం. “నాకు భయంగా ఉన్నది, దగ్గరకు రావద్దు” అని చెప్పడానికి దానికి ఉన్న మర్యాదైన భాష అదే. ఆ తరగతి అలారమును ఆపగలిగింది గాని బేరింగు వేడిని తగ్గించలేదు.

కనుక ఈ నెల చెప్పదలచినది ఒక్కటే. భయం వలన కలిగిన నిశ్శబ్దాన్ని విధేయత అని భ్రమపడరాదు. ఏ తరగతి దేనిని నేర్పుతున్నదో తెలుసుకోవడానికి, డబ్బు కట్టక ముందే, కుక్కను ఇంటి వద్ద ఉంచి మనం ఒంటరిగా వెళ్లి ఒక తరగతిని ఆసాంతం చూడాలి.

సామూహిక తరగతి ఎందుకు?

కుక్కకు శిక్షణ ఇప్పించడానికి మనకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. శిక్షకుడు ఇంటికి వచ్చి నేర్పడం ఒకటి. నెల రోజులు కెన్నెల్‌లో వదిలిపెట్టి, నేర్చిన తరువాత తెచ్చుకోవడం రెండవది. యజమానులందరూ తమ కుక్కలతో వెళ్లి, శిక్షకుని పర్యవేక్షణలో తామే నేర్పుకోవడం మూడవది.

రెండవ మార్గం బిజీ ఉద్యోగులకు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కాని అక్కడ కుక్క శిక్షకుని మాట వినడం నేర్చుకుంటుందే తప్ప మన మాట కాదు. పైగా అక్కడ ఏ పద్ధతిలో నేర్పుతున్నారో మనం చూడలేము. మొదటి మార్గంలో నేర్చిన కుక్క హాలులో చక్కగా కూర్చుంటుంది, గేటు దాటగానే అంతా మరచిపోతుంది. ఇది దాని మొండితనం కాదు. కుక్క ఒక పాఠాన్ని నేర్చుకున్న స్థలంతో, పరిసరాలతో కలిపి గుర్తుంచుకుంటుంది. వర్క్‌షాపు బెంచీపై సరిగా పనిచేసిన రిలే, సైటులో బిగించిన తరువాత మళ్లీ పరీక్షించనిదే నమ్మదగినది కానట్లే, హాలులో నేర్చిన పాఠాన్ని ఇతర కుక్కలు, మనుషులు, స్కూటర్ల మధ్య మళ్లీ నేర్పవలసి ఉంటుంది. సామూహిక తరగతి ఇందుకు అనువైన చోటు. ఖర్చు కూడా తక్కువ. ఇంట్లో పిల్లలు, పెద్దలు వచ్చి ఒకే విధంగా నేర్చుకునే వీలుంటుంది.

అయితే ఇది అన్ని కుక్కలకూ తగినది కాదు. ఇప్పటికే మనిషిని గాని మరొక కుక్కను గాని కరచిన కుక్కను, ఇతర కుక్కలను చూడగానే వణికే కుక్కను గుంపులోకి తీసుకువెళ్లరాదు. ముందుగా పశువైద్యుని వద్ద పరీక్ష చేయించాలి; చెవిపోటు, కీళ్ల నొప్పి వంటివి కూడా కోపానికి కారణం కావచ్చును. ఆ తరువాత విడిగా శిక్షణ ఇప్పించి, స్థిమితపడిన పిమ్మట గుంపులో చేర్చవచ్చును. కుక్క చరిత్రను అడగకుండానే చేర్చుకునే తరగతికి మనమే దూరంగా ఉండడం మంచిది.

ఏ వయస్సులో?

“ఆరు నెలలు నిండనివ్వండి, అప్పుడు నేర్పవచ్చు” అనే సలహా మన వద్ద ఇప్పటికీ వినిపిస్తుంది. మెడ గుంజి నేర్పే కాలంలో, లేత మెడ తట్టుకోలేదన్న కారణంతో పుట్టిన నియమమిది. అమెరికాలోని బార్ హార్బర్ వద్ద గల జాక్సన్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కలపై దీర్ఘకాలం పరిశోధన జరిపి 1965లో గ్రంథస్థం చేశారు. మూడవ వారం మొదలు సుమారు పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా పరిచయం చేసుకునే కాలమని వారు నిరూపించారు. ఆ కాలంలో చూడని మనుషులు, శబ్దాలు, వస్తువులు తరువాతి కాలంలో దానికి అనుమానాస్పదాలవుతాయి.

మన దేశంలో 2017 నాటి పెంపకం, విక్రయ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. అనగా పిల్ల మన ఇంటికి చేరేనాటికి ఈ గడువులో నాలుగైదు వారాలే మిగిలి ఉంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అదే వయస్సులో పార్వో వైరస్ భయం కూడా ఎక్కువ. 1978లో మొదటిసారి గుర్తింపబడిన ఈ వ్యాధి మన ఊళ్లలో నేటికీ పసికూనలను బలిగొంటున్నది. టీకాల వరుస సుమారు పదహారు వారాల వరకు సాగుతుంది. టీకాలన్నీ పూర్తి అయ్యే వరకు ఆగితే పరిచయాల కాలం దాటిపోతుంది, ఆగకపోతే వ్యాధి భయం. దీనిని తూచి చూసిన అమెరికా పశు ప్రవర్తనా వైద్యుల సంఘం, మొదటి టీకా పడి కనీసం ఏడు రోజులు గడచి, నులిపురుగుల మందు ఒకసారి పట్టించిన పిల్లను ఏడెనిమిది వారాల వయస్సు నుండే పసికూనల తరగతిలో చేర్చవచ్చునని 2008లో సూచించింది.

మన పరిస్థితులలో ఈ సూచనకు ఒక షరతు చేర్చుకోవాలి. వీధి కుక్కలు తిరిగే బహిరంగ మైదానానికి టీకాలు పూర్తి కాని పిల్లను తీసుకువెళ్లరాదు. బ్లీచింగుతో కడిగిన గచ్చు ఉన్న చోట, ప్రతి పిల్ల టీకా కార్డునూ చూసిన తరువాతనే లోనికి రానిచ్చే తరగతిని ఎన్నుకోవాలి. మీ కార్డు అడగని వారు పక్కవారి కార్డు కూడా అడిగి ఉండరు. అటువంటి తరగతి దొరకని ఊళ్లో, పిల్లను చేతులలో ఎత్తుకుని బస్టాండు, బజారు, బడి గేటు చూపించి రావడం మేలు. టీకాలు పూర్తి అయిన పిమ్మట పెద్ద తరగతిలో చేర్చవచ్చును. మూడు నెలల వయస్సులో వేయించవలసిన రేబిస్ టీకాను మాత్రం ఏ పరిస్థితిలోనూ వాయిదా వేయరాదు. పెద్ద వయస్సు కుక్కలు గలవారు నిరాశ చెందనవసరం లేదు. ఐదేళ్ల కుక్క కూడా నేర్చుకుంటుంది. ఓపిక కొంత ఎక్కువ కావాలి, అంతే.

పద్ధతుల వెనుక చరిత్ర

జర్మనీలో పోలీసు జాగిలాల కొరకు కోన్రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన గ్రంథం ఆధునిక శిక్షణకు తొలిమెట్టు. అందులో బలవంతానికి పెద్దపీట. ఇంటి కుక్కల విధేయతా పరీక్షలను అమెరికాలో 1933లో ప్రారంభించినది హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే పూడిల్ యజమానురాలు. పూడిళ్లు అందానికే గాని తెలివికి కావన్న మాటను అబద్ధం చేయాలని ఆమె పట్టుదల. 1962లో విలియం కోలర్ గ్రంథం వచ్చి, గొలుసు గుంజే పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. 1980ల ఆరంభంలో ఇయాన్ డన్బార్ అనే పశువైద్యుడు కాలిఫోర్నియాలో పసికూనలకు గొలుసు లేకుండా, ఆటలతో, తిండి ముక్కలతో తరగతులు నడిపి చూపాడు. డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో తన అనుభవాన్ని గ్రంథంగా తెచ్చింది. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయలేము. కోప్పడితే ఈదుకుంటూ దూరంగా పోతుంది. సరిగా చేసిన పనికి బహుమానం ఇచ్చి, చేయని పనికి బహుమానం ఆపడం తప్ప దానికి నేర్పే దారి లేదు. కుక్కకు కూడా అదే దారి సరిపోతుందని తేలింది.

ఇది కేవలం కారుణ్యానికి సంబంధించిన వాదన అనుకోరాదు. పోర్చుగల్ శాస్త్రజ్ఞులు శిక్షణ పాఠశాలలలోని 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ఫలితాలను ప్రకటించారు. శిక్షలతో నేర్పే పాఠశాలల కుక్కలలో బెదురు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. తరగతి ముగిసిన తరువాత వాటి లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ పెరిగింది. అమెరికా పశు ప్రవర్తనా వైద్యుల సంఘం 2021లో బహుమాన పద్ధతినే అనుసరించవలసిందిగా సిఫారసు చేసింది. కొలిచి చెప్పిన దానిని నమ్మడం మన వృత్తిధర్మం.

మన ఊళ్లలోని శిక్షకులలో పలువురు సైన్యంలోను, పారామిలిటరీ దళాలలోను, పోలీసు జాగిలాల విభాగాలలోను పనిచేసి వచ్చినవారు. మీరట్‌లోని సైనిక కేంద్రం, గ్వాలియర్ సమీపాన టేకన్‌పూర్‌లోని సరిహద్దు భద్రతా దళం వారి కేంద్రం, హైదరాబాద్ వద్ద మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రం వంటి చోట్ల పొందిన అనుభవం గౌరవింపదగినది. అయితే ఆ కుక్క ఉద్యోగం వేరు, మన కుక్క కాపురం వేరు. అక్కడ ఎంపిక చేసిన కుక్కకు శిక్షణ పొందిన హ్యాండ్లరు రోజంతా తోడుంటాడు. ఇక్కడ ఎనిమిదేళ్ల మనుమడు, డెబ్బై ఏళ్ల నాయనమ్మ ఉంటారు. పైగా మన దేశంలో కుక్కల శిక్షకునికి చట్టబద్ధమైన లైసెన్సు విధానం లేదు. ఎవరైనా బోర్డు పెట్టవచ్చును. కనుక పూర్వానుభవ పత్రాల కంటె పని జరిగే తీరును కళ్లారా చూడడమే నమ్మదగిన తనిఖీ.

తనిఖీకి వెళ్లినప్పుడు

మొదటగా శిక్షకుని రెండు ప్రశ్నలు అడగండి. కుక్క సరిగా చేస్తే ఏమి చేస్తారు? తప్పు చేస్తే ఏమి చేస్తారు? సూటిగా, మీకు అర్థమయ్యే మాటలలో జవాబు రావాలి. “కుక్కకు మనమే నాయకులమని తెలియజేయాలి” వంటి డొంకతిరుగుడు జవాబు వస్తే, “అనగా చేతితో ఏమి చేస్తారు?” అని మళ్లీ అడగండి. నూటికి నూరు శాతం గ్యారంటీ ఇచ్చే వారిని చూసి సంతోషించకండి. ప్రాణమున్న జీవికి గ్యారంటీ కార్డు ఉండదు.

తరువాత పరికరాలను చూడండి. మామూలు మెడ బెల్టు గాని, ఛాతీకి తొడిగే హార్నెసు గాని సరిపోతుంది. చోక్ చైను, లోపలివైపు ముళ్లున్న కాలరు, కరెంటు షాకిచ్చే కాలరు కనిపిస్తే ఇక చూడవలసినది లేదు, తిరిగి రావచ్చును.

మూడవది సంఖ్య. ఒక శిక్షకునికి ఆరు నుండి ఎనిమిది కుక్కలు మించరాదు. అంతకు మించితే సహాయకుడు ఉండాలి. కుక్కకు కుక్కకు మధ్య గొలుసు చాచినా అందనంత దూరం ఉండాలి. బెదిరిన కుక్కను పక్కకు తీసుకుపోవడానికి చోటుండాలి. తరగతి గంటకు మించరాదు.

నాల్గవది వేళ. మన ఎండలకు వేసవిలో ఏడు గంటల లోపు తరగతి ముగియాలి. ముంజేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి ఐదారు సెకండ్లు ఉంచలేకపోతే, ఆ నేలపై కుక్క పాదాలు కూడా ఉండరాదు. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఎండ ప్రాణాంతకం. నీళ్లు, నీడ ఉన్నాయో లేదో చూడండి.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది, కుక్కల ముఖాలు. తరగతిలో బాగా చేసే కుక్కను కాదు, అందరికంటె వెనుకబడిన కుక్కను ఎంచుకుని దానినే పది నిమిషాలు చూడండి. తోక కాళ్ల మధ్య ముడుచుకోవడం, చెవులు వెనుకకు అంటుకుపోవడం, నిద్ర వేళ కాకపోయినా మాటిమాటికీ ఆవులించడం, తిండి లేకుండానే మూతి నాకుకోవడం, ఇష్టమైన ముక్క ఇచ్చినా తినకపోవడం భయానికి గుర్తులు. ఆ గుర్తులను శిక్షకుడు గమనించి పాఠాన్ని తేలిక చేస్తే అది మంచి తరగతి. గమనించకపోతే సాధారణ తరగతి. గమనించి గొలుసు గుంజితే అది మన మిత్రుని లాబ్రడార్ చదివిన తరగతి వంటిది.

ఆరవది, యజమానులను కూడా చూడండి. శిక్షకుడు ప్రతి కుక్కనూ తానే పట్టుకుని విన్యాసాలు చేయించి చప్పట్లు కొట్టించుకుంటున్నాడా, లేక గొలుసు యజమాని చేతికే ఇచ్చి అతనికి నేర్పుతున్నాడా? వారానికి ఒక గంట తరగతి, మిగిలిన నూట అరవై ఏడు గంటలు ఇల్లు. ఇంటి వద్ద రోజుకు మూడు సార్లు ఐదేసి నిమిషాలు చేయవలసిన అభ్యాసాన్ని చెప్పి పంపని తరగతి వలన ప్రయోజనం స్వల్పం.

చేర్చిన తరువాత

మన టౌన్‌షిప్ కుటుంబాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటున్నది. శిక్షకుడు “బైఠో” అంటాడు. ఇంటాయన “సిట్” అంటాడు. ఇల్లాలు “కూర్చో” అంటుంది. ఊరి నుండి వచ్చిన నాయనమ్మ “కూకో” అంటుంది. ఒక పనికి నాలుగు మాటలు విన్న కుక్క ఏదీ చేయక అందరి వంకా చూస్తుంది. కుక్కకు ఏ భాష అయినా ఒకటే. నాయనమ్మకు సులువుగా వచ్చే మాటనే ఇంటిల్లిపాదీ ఖాయం చేసుకుని, వంటింటి గోడపై ఒక కాగితం అంటించడం ఉత్తమం. బహుమానానికి ఖరీదైన బిస్కట్లు అక్కరలేదు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, శాకాహారుల ఇళ్లలో పనీరు, శనగగింజంత ముక్కలు చాలును.

నేర్పవలసిన పాఠాలు కూడా అనేకం కావు. పిలిస్తే రావడం, కూర్చోవడం, ఆగమంటే ఆగడం, గొలుసు లాగకుండా నడవడం, నోటిలోనిది వదలడం. వీటికి తోడు, తినే గిన్నె దగ్గరకు మనిషి రావడం మంచికేనని తెలియడం. దూరం నుండి మొదలుపెట్టి, మనిషి దగ్గరకు వచ్చినప్పుడల్లా గిన్నెలో ఇంకొక మంచి ముక్క పడుతుంటే కొద్ది వారాలలో కుక్క ఆ రాకకు ఎదురుచూస్తుంది. ఇదే బేరింగు వేడిని తగ్గించడం. ఇది కుదిరే వరకు పిల్లలను తినే కుక్క దరికి పోనీయరాదు. కుదిరిన తరువాత కూడా పెద్దలు లేనిదే వదలరాదు.

ఖర్చు విషయంలో మనకు తక్కువ కోట్ చేసిన వారికి పని అప్పగించే అలవాటున్నది. ఇక్కడ ఆ నిబంధనను సడలించవచ్చును. పెంపుడు కుక్క విషయంలో నిర్లక్ష్యం వలన ఎవరికైనా హాని కలిగితే, 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ యజమానినే బాధ్యుని చేస్తుంది. అయితే చట్టం కంటె పెద్ద లెక్క మరొకటున్నది. కుక్క ఆయుర్దాయం పది పన్నెండేళ్లు. యాభై దాటి కుక్కను తెచ్చుకున్న మనలో చాలామంది ఆ కాలంలోనే పదవీ విరమణ చేసి, విశాలమైన క్వార్టర్సు విడిచి నగరంలోని ఫ్లాటుకు చేరవలసినవారము. అక్కడ లిఫ్టులో పొరుగువారి పిల్ల పక్కన నిశ్చింతగా నిలబడగలిగిన కుక్క మనతో వస్తుంది. నిలబడలేని కుక్క క్వార్టర్సు గేటు వద్ద మిగిలిపోతుంది. విరమణల నెల గడచిన తరువాత ఆ గేటు వద్ద బెల్టుతో తిరిగే కుక్కలను మీరూ చూసే ఉంటారు.

వచ్చే ఆదివారం కుక్కను నిద్రపోనిచ్చి, ఒక తరగతికి మీరు మాత్రం వెళ్లి చూసి రండి. వచ్చే సంచికలో వర్షాకాలానికి ముందు ఇంటి పైకప్పు నుండి నీరు కారకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను గూర్చి ముచ్చటించుకుందాము.